అండం విడుదలకు ముందు: అత్యవసర గర్భనిరోధకం గురించి కొన్ని ఆలోచనలు
(స్మారకోపన్యాస పాఠం)

జీవితమంతా ప్రసూతి వార్డులోనే గడిపిన ఒక వైద్యురాలి స్మృతికి అంకితమైన ఉపన్యాసమిది. ఇటువంటి సందర్భంలో మాతృత్వాన్ని గురించి మాట్లాడటం సులువు. తల్లి కావడానికి ఇప్పుడు సిద్ధంగా లేని స్త్రీ గురించి, అదీ కొద్ది గంటల్లో ఒక నిర్ణయానికి రావలసిన స్త్రీ గురించి సభలో మాట్లాడటం అంత సులువు కాదు. ప్రసూతి వైద్యురాలి ముందు మాత్రం తల్లి కాబోయే స్త్రీ, ఈమె ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే శ్రద్ధ దక్కాలి. ఆ నమ్మకంతోనే అత్యవసర గర్భనిరోధకాన్ని నేటి విషయంగా ఎంచుకున్నాను.

నేను మీ ముందుంచే వాదన ఒక్కటే. ఈ మాత్ర శరీరంలో చేసే పని చాలా పరిమితమైనది. ఇంకా విడుదల కాని అండాన్ని కొన్నాళ్లు ఆపి ఉంచడమే దాని పని. అందువల్ల ఫలితం ఎప్పుడు వేసుకున్నామన్నదాని మీదే ప్రధానంగా ఆధారపడుతుంది. స్త్రీకీ ఆ మాత్రకూ మధ్య సిగ్గు, అపోహ, చట్టం గురించిన భయం, దుకాణదారుడి చూపు అడ్డం పడి వృథా అయ్యే ప్రతి గంటా వైద్యపరంగా లెక్కించవలసిన నష్టమే. మాత్ర వల్ల కలిగే అసౌకర్యాలు నిజమైనవి, వాటిని దాచకూడదు. అయితే ఆలస్యం వల్ల, తప్పుడు సమాచారం వల్ల కలిగే హాని వాటికన్నా చాలా పెద్దది. ఇది నా అభిప్రాయం మాత్రమేనా, ఆధారాలు కూడా ఇదే చెబుతున్నాయా అన్నది మీరే తేల్చుకోవాలి.

ముందు చరిత్ర. కలయిక జరిగిన తర్వాత గర్భం రాకుండా చూసుకోవాలన్న ఆరాటం ఎంత పాతదో చెప్పలేం. దానికి హార్మోన్లతో జవాబు వెతకడం మాత్రం 1960లలోనే మొదలైంది. నెదర్లాండ్స్‌లో అత్యాచారానికి గురైన ఒక బాలికకు వైద్యులు అధిక మోతాదులో ఈస్ట్రోజెన్ ఇచ్చారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జాన్ మోరిస్, గెర్ట్రూడ్ వాన్ వాగెనెన్ 1966లో ఇదే దారిలో చేసిన పరిశోధనను ప్రకటించారు. అప్పట్లో వాడిన మందుల్లో డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ ఒకటి. దాన్ని వరుసగా ఐదు రోజులు పెద్ద మోతాదులో వేసుకోవాలి. వాంతులతో మంచం పట్టేంత బాధ పడేవారు. 1971లో బోస్టన్ వైద్యులు మరో చేదు నిజం బయటపెట్టారు. గర్భిణిగా ఉన్నప్పుడు ఆ మందు వాడిన తల్లుల కుమార్తెల్లో అరుదైన యోని క్యాన్సర్ కనిపించింది. అత్యవసర గర్భనిరోధకం పేరు వినగానే నేటికీ కొందరిలో కలిగే భయానికి మూలాలు ఆ దశాబ్దంలో ఉన్నాయని నేననుకుంటాను. ఆ భయం నాడు న్యాయమైనదే. ఆ మందు ఈ వాడకం నుంచి తొలగిపోయింది, భయం మాత్రం మిగిలిపోయింది.

కెనడా వైద్యుడు ఆల్బర్ట్ యూజ్పే 1974లో ప్రకటించిన పద్ధతితో దారి మారింది. మామూలు గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండింటినీ కలిపి, 12 గంటల తేడాతో రెండు విడతలుగా ఇవ్వడం ఆ పద్ధతి. ఐదు రోజుల బాధ ఒక్క రోజుకు తగ్గింది. తర్వాత పాతికేళ్లపాటు వైద్యలోకం దాని మీదే ఆధారపడింది. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాదాపు 2,000 మంది స్త్రీలతో జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. యూజ్పే పద్ధతిలో 3.2 శాతం మంది గర్భం దాల్చారు. ఈస్ట్రోజెన్‌ను పూర్తిగా వదిలేసి లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్‌ను మాత్రమే ఇచ్చినవారిలో అది 1.1 శాతం. వికారం మొదటి గుంపులో సగం మందికి వస్తే, రెండో గుంపులో నాలుగో వంతు కన్నా తక్కువ మందికి వచ్చింది. వాంతులు దాదాపు 19 శాతం నుంచి 6 శాతం లోపుకు దిగాయి. 2002లో 4,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన మరో పరీక్ష, రెండు విడతల మోతాదును కలిపి 1.5 మిల్లీగ్రాముల ఒకే మాత్రగా వేసుకున్నా ఫలితం తగ్గదని తేల్చింది. నేడు మన మందుల షాపుల్లో దొరికేది ఆ మాత్రే. నాలుగు దశాబ్దాల ఈ ప్రయాణమంతా ఒకే దిక్కుగా సాగింది. మోతాదు తగ్గుతూ వచ్చింది, బాధ తగ్గుతూ వచ్చింది, ఫలితం మెరుగుపడింది.

ఇక ఈ మాత్ర ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న. దీని దగ్గర కాసేపు నిలబడాలి, ఎందుకంటే నైతికమైన వాదాలన్నీ తెలిసో తెలియకో ఈ శరీరధర్మం మీదే కట్టినవి. స్త్రీ శరీరంలో వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండాశయం నుంచి వెలువడిన అండం మాత్రం ఒక్క రోజుకు మించి నిలవదు. కాబట్టి ఒక నెలసరి చక్రంలో గర్భం రావడానికి వీలున్న రోజులు సుమారు ఆరు: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందున్న ఐదు రోజులు. చాలామంది అనుకున్నట్టు కలయిక జరిగిన మరుక్షణంలోనే గర్భం నిలవదు. కలయికకూ ఫలదీకరణకూ మధ్య గంటలు గడవవచ్చు, రోజులే గడవవచ్చు. వీర్యకణాలు అండం కోసం కాచుకుని ఉండే ఆ వ్యవధే ఈ మాత్రకు దొరికే అవకాశం. అండం విడుదలకు ఆజ్ఞ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరిగితే, సుమారు ఒకటిన్నర రోజుకు అండం బయటపడుతుంది. ఆ పెరుగుదల మొదలుకాక ముందే లెవోనార్జెస్ట్రెల్ అందితే ఆజ్ఞ వెనకపడుతుంది లేదా ఆగిపోతుంది. ఈలోగా వీర్యకణాల ఆయువు తీరుతుంది. ఎల్‌హెచ్ పెరగడం మొదలయ్యాక వేసుకుంటే మాత్రం ఈ మాత్ర అండాన్ని ఆపలేదు.

అండం విడుదలై, ఫలదీకరణ కూడా జరిగిపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు చిలీ దేశపు పరిశోధకుల దగ్గర నుంచి స్పష్టమైన జవాబు వచ్చింది. 2011లో ప్రచురితమైన వారి అధ్యయనంలో, గర్భం రావడానికి వీలున్న రోజుల్లో కలయిక జరిగి, అండం విడుదలకు ముందే మాత్ర వేసుకున్నవారు 103 మంది. మాత్ర లేకుంటే వారిలో 16 మందికి గర్భం వచ్చి ఉండేదని అంచనా. ఒక్కరికీ రాలేదు. అండం విడుదలైన రోజున గానీ ఆ తర్వాత గానీ వేసుకున్నవారు 45 మంది. వారిలో సుమారు తొమ్మిది మందికి గర్భం వస్తుందని అంచనా వేస్తే ఎనిమిది మందికి వచ్చింది. అంటే మాత్ర వేసుకోకపోతే ఎంతమందికి వస్తుందో దాదాపు అంతమందికీ వచ్చింది. ఫలదీకరించిన అండాన్ని గర్భసంచిలో నాటుకోనివ్వకుండా చేసే శక్తే ఈ మాత్రకు ఉంటే రెండో గుంపు ఫలితం ఇలా ఉండటానికి వీల్లేదు. స్టాక్‌హోమ్ పరిశోధకులు 2007లో ప్రయోగశాలలో గర్భసంచి లోపలి పొర కణజాలాన్ని పెంచి, లెవోనార్జెస్ట్రెల్ సమక్షంలోనూ పిండాలు దానికి అంటుకుంటున్నాయని చూపించారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చాలా ఏళ్లు ఈ మందు కరపత్రంలో ‘నాటుకోవడాన్ని కూడా నిరోధించవచ్చు’ అన్న అర్థం వచ్చే మాటను ఉండనిచ్చింది. 2022 డిసెంబరులో దాన్ని తొలగించింది. శాస్త్రం తేల్చిన చాలా కాలానికి గానీ కాగితం మారలేదు. ఆ మధ్య కాలంలో ఎంతమంది ఆ ఒక్క వాక్యాన్ని చూపించి స్త్రీలను వెనక్కి పంపారో ఎవరూ లెక్క రాయలేదు.

యూలిప్రిస్టల్ అసిటేట్ అనే మరో మాత్ర ఉంది. 30 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా, 120 గంటల లోపు వాడవచ్చని ఐరోపాలో 2009లో, అమెరికాలో 2010లో అనుమతించారు. ఎల్‌హెచ్ పెరగడం మొదలైనా, శిఖరానికి చేరకపోతే అది అండాన్ని ఆపగలదు. గర్భం వచ్చే అవకాశం అత్యధికంగా ఉండే రోజులు సరిగ్గా అవే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. మూడో మార్గం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బాగా పరిచయమున్న కాపర్-టి. ఐదు రోజుల లోపు దాన్ని అమరిస్తే వెయ్యి మందిలో ఒకరికి మించి గర్భం రాదు. రాగి వీర్యకణాలకూ అండానికీ పడదు. కొన్ని సందర్భాల్లో ఫలదీకరణ తర్వాత నాటుకోవడాన్ని కూడా అది అడ్డుకోవచ్చు. ఈ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే మాత్రకు లేని గుణాన్ని మాత్రకు అంటగట్టకూడదన్నవారే కాపర్-టికి ఉన్న గుణాన్ని కప్పిపుచ్చకూడదు. ఏది వాడాలో నిర్ణయించుకునే స్త్రీకి ఈ రెండూ తెలియాలి.

ఇప్పుడు కాలం లెక్క చూద్దాం. 1998 పరీక్ష సమాచారాన్నే వేసుకున్న సమయాన్ని బట్టి విడదీస్తే, లెవోనార్జెస్ట్రెల్ మొదటి 24 గంటల్లో అందినవారిలో రాగల గర్భాల్లో 95 శాతం ఆగాయని తేలింది. రెండో రోజున అది 85 శాతం, మూడో రోజున 58 శాతం. తర్వాతి అధ్యయనాలన్నిటిలో తరుగుదల ఇంత ఏటవాలుగా కనిపించలేదు. మొదటి అంకెలు కాస్త ఉదారంగా కట్టినవని భావించే పరిశోధకులూ ఉన్నారు. అయినా ఇంతకుముందు చెప్పిన శరీరధర్మాన్ని గుర్తు చేసుకుంటే కారణం అర్థమవుతుంది. గడిచే ప్రతి గంటా కొందరు స్త్రీలను ఎల్‌హెచ్ పెరిగే గీత దాటిస్తుంది. దాటినవారికి మాత్ర ఉన్నా లేనట్టే. ప్యాకెట్ మీద ‘72 గంటలు’ అని అచ్చయి ఉండటం వల్ల మూడో రోజు సాయంత్రం వరకూ తొందర లేదనుకునేవారు ఉన్నారు. ఆ అంకె చివరి గడువును మాత్రమే సూచిస్తుంది.

ఇది గర్భస్రావమే కదా అన్న ఆక్షేపణకు శరీరధర్మం వైపు నుంచి జవాబు పైన చెప్పాను. చట్టం వైపు నుంచి కూడా చూడాలి. 2024 దాకా అమల్లో ఉన్న మన భారత శిక్షాస్మృతి 1860లో వలస పాలకులు రాసినది. గర్భస్రావం కలిగించడాన్ని అందులోని 312వ సెక్షన్ నేరంగా చేసింది. ఇంగ్లండ్ 1861లో తన చట్టంలో అటువంటి నిబంధననే పెట్టుకుంది. ఆ చట్టం ప్రకారం అత్యవసర గర్భనిరోధక మాత్ర అమ్మడం నేరమని లండన్ హైకోర్టులో ఒక వ్యాజ్యం నడిచింది. పిండం గర్భసంచిలో నాటుకోకముందు చేసే నివారణ గర్భస్రావం కిందికి రాదని 2002లో జస్టిస్ మన్బీ తీర్పు చెప్పారు. మన దేశంలోనూ ప్రభుత్వమే ఈ మాత్రను కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేర్చింది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టానికీ దీనికీ సంబంధం లేదు. ఫలదీకరణ క్షణం నుంచే ప్రాణం ఉందని మనస్ఫూర్తిగా నమ్మేవారి పట్ల నాకు గౌరవం ఉంది. ఫలదీకరణ జరగకుండా చూసే మాత్రను ఆ నమ్మకం పేరుతో నిరాకరించనక్కరలేదని మాత్రమే వారికి మనవి చేస్తున్నాను. నిరాకరణ ఫలితం చాలాసార్లు వారు కోరుకోని గర్భవిచ్ఛిత్తే అవుతుంది.

దుష్ప్రభావాల గురించి నిజాయితీగా చెప్పుకుందాం. వికారం, కొందరికి వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసం, రొమ్ముల్లో సలపరం, పొత్తికడుపులో నొప్పి, అడపాదడపా కొద్దిగా రక్తం కనిపించడం సాధారణంగా ఉండేవి. ఇవి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. మాత్ర వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే మళ్లీ ఒక మోతాదు వేసుకోవాలి. యూలిప్రిస్టల్‌కు ఆ గడువు మూడు గంటలు. తర్వాతి నెలసరి కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరగవచ్చు, రక్తస్రావం మామూలుకన్నా ఎక్కువగానో తక్కువగానో ఉండవచ్చు. అనుకున్న తేదీకి వారం దాటినా నెలసరి రాకపోతే గర్భ పరీక్ష చేయించుకోవాలి. మాత్ర వేసుకున్న కొన్ని వారాలకు పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాత్ర వల్ల గర్భసంచి బయట గర్భం నిలిచే ప్రమాదం పెరగదు. మాత్ర విఫలమై వచ్చిన గర్భం కూడా మిగతా గర్భాల్లాగే అరుదుగా అలా నిలవవచ్చు కాబట్టే ఆ జాగ్రత్త. సంతానం కలిగే శక్తిని ఇది దెబ్బతీయదు. తెలియక గర్భంతో ఉన్నప్పుడు లెవోనార్జెస్ట్రెల్ వేసుకున్నా బిడ్డకు హాని జరిగినట్టు ఆధారం లేదు.

అయితే మన దేశానికి ప్రత్యేకంగా వర్తించే ఒక విషయం మీద మన వైద్యులు ఇంకా గట్టిగా మాట్లాడాలని నా అభిప్రాయం. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, హెచ్ఐవీకి వాడే ఎఫవిరెంజ్ వంటివి కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి, లెవోనార్జెస్ట్రెల్‌ను వేగంగా కరిగించేస్తాయి. ఇవి వాడుతున్నవారికి కాపర్-టి మేలు. అది వీలుకాకపోతే రెట్టింపు మోతాదు, అంటే 3 మిల్లీగ్రాములు, సూచిస్తారు. క్షయ రోగులు ఇంతమంది ఉన్న దేశంలో ఈ మాట ఎన్ని దుకాణాల్లో అడుగుతున్నారు? బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఈ మాత్ర ప్రభావం తగ్గవచ్చన్న ఆధారాలూ ఉన్నాయి. ఇంకొకటి: అండం విడుదల వెనక్కి జరిగిందంటే అది తర్వాత ఎప్పుడో జరుగుతుంది. మాత్ర వేసుకున్నాక అదే నెలలో జాగ్రత్త లేకుండా కలిస్తే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు. రోజూ వాడే పద్ధతులకు ఇది సాటి రాదు, ఆ స్థానంలో వాడేందుకు దీన్ని తయారు చేయనూ లేదు. అయినా ఒకటికి రెండుసార్లు అవసరపడిన స్త్రీని మందలించి పంపడం వైద్యం అనిపించుకోదు. ఆమెకు స్థిరమైన పద్ధతి ఒకటి దొరకలేదని అర్థం చేసుకుని, దాన్ని అందించాలి.

భారతదేశంలో లెవోనార్జెస్ట్రెల్‌కు ఈ వాడకం కోసం 2002లో అనుమతి వచ్చింది. 2005 నుంచి వైద్యుల చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. అమెరికాలో ఇదే మార్పు కోసం నిపుణుల సంఘం 2003 చివర్లో 23–4 ఓట్లతో సిఫారసు చేసినా, వయసు షరతు లేకుండా అమ్మడానికి 2013 దాకా పట్టింది. మన నిర్ణయం వారికన్నా ముందుచూపుతో జరిగింది. అయితే నిర్ణయం తర్వాత చేయవలసిన బోధన జరగలేదు. 2007లో ఈ మాత్ర ఐ-పిల్ పేరుతో వచ్చాక టీవీ ప్రకటనలే ఈ దేశపు యువతకు పాఠ్యపుస్తకమయ్యాయి. తర్వాత ఆ ప్రకటనలకు కళ్లెం పడింది, వాటి స్థానంలో మరో బోధన రాలేదు. పొరుగున ఉన్న తమిళనాడులో చట్టపరంగా నిషేధం లేకపోయినా మందుల దుకాణాలు ఏళ్ల తరబడి ఈ మాత్రను నిల్వ ఉంచలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ బోధన జరగకపోవడానికి లోతైన కారణం మన కుటుంబ నియంత్రణ చరిత్రలోనే ఉంది. రఘునాథ్ ధోండో కర్వే 1921లో బొంబాయిలో గర్భనిరోధక కేంద్రం తెరిచారు. మైసూరు సంస్థానం 1930లోనే ప్రభుత్వ కేంద్రాలు ప్రారంభించింది. 1952లో జాతీయ కార్యక్రమం వచ్చింది. ఆ తొలి కృషిలో స్త్రీ తన శరీరాన్ని అర్థం చేసుకోవాలన్న తపన ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో కార్యక్రమం లక్ష్యాల లెక్కగా మారి, ఆపరేషన్ల సంఖ్యే విజయానికి కొలమానమైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తంమీద 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 38 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైమాటే. పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపై ఆపరేషన్: మన వ్యవస్థకు తెలిసిన దారి ఇదే. ఆ దారిలో అండం ఎప్పుడు విడుదలవుతుందో, గర్భం రాగల రోజులేవో స్త్రీకి చెప్పవలసిన అవసరం వ్యవస్థకు ఎన్నడూ రాలేదు. ఆపరేషన్‌కు ముందున్న ఏళ్లలో, పెళ్లికి ముందున్న ఏళ్లలో ఆమెకు ఏ జ్ఞానమూ అందలేదు. ఆశా కార్యకర్తలు ఇంటికి తెచ్చి రెండు రూపాయలకు ఈ మాత్ర ఇచ్చే పథకం 2011 నుంచి ఉంది. పథకం ఉన్నా, అడగాలంటే ముందు అటువంటిది ఉందని తెలియాలి. ఆశా కార్యకర్త చాలాసార్లు అదే వీధి మనిషి, అత్తగారికి పరిచయస్తురాలు. పెళ్లికాని అమ్మాయి ఆమెను ఎలా అడుగుతుంది?

ఈ అజ్ఞానానికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. 2015లో భారతదేశంలో సుమారు ఒక కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగాయని 2018 నాటి లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అధ్యయనం అంచనా వేసింది. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగినవి. అత్యవసర గర్భనిరోధక మాత్రకూ గర్భవిచ్ఛిత్తి మాత్రలకూ తేడా తెలియకపోవడం ఇక్కడే ప్రాణాంతకమవుతుంది. నెల తప్పాక లెవోనార్జెస్ట్రెల్ వేసుకుని గండం గడిచిందనుకునే స్త్రీ విలువైన వారాలు పోగొట్టుకుంటుంది. కలయిక జరిగిన మర్నాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే గర్భవిచ్ఛిత్తి మాత్రల కిట్ తెచ్చి వేసుకునే స్త్రీ అక్కర్లేని రక్తస్రావానికి గురవుతుంది.

సులువుగా దొరికితే విచ్చలవిడితనం పెరుగుతుందన్నది తరచూ వినిపించే మరో ఆక్షేపణ. దీన్ని కేవలం నీతివాదంగా కొట్టిపారేయకుండా పరీక్షకు పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 2,000 మందికి పైగా యువతులతో జరిగి, 2005లో ప్రచురితమైన పరీక్షలోనూ, తర్వాత అనేక పరీక్షలను కలిపి చూసిన సమీక్షలోనూ, మాత్రను ముందుగానే చేతిలో పెట్టినవారిలో జాగ్రత్త లేని కలయికలు గానీ సుఖవ్యాధులు గానీ పెరగలేదు. అవే పరీక్షలు నా పక్షానికి అనుకూలం కాని ఒక నిజాన్నీ చెప్పాయి. ముందుగా ఇచ్చినందువల్ల ఆ గుంపుల్లో మొత్తం గర్భాల సంఖ్య తగ్గలేదు. ఎక్కువ ప్రమాదమున్న సందర్భాల్లో కూడా చాలామంది దాన్ని వాడకపోవడం ఒక కారణం కావచ్చు. కాబట్టి ఈ మాత్ర జనాభా లెక్కలను మారుస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది మార్చేది ఒక్కో స్త్రీ జీవితాన్ని. దాని విలువను జనాభా గణాంకాలతోనే కొలవాలనడం, ఆపరేషన్ల సంఖ్యతో స్త్రీ ఆరోగ్యాన్ని కొలిచిన పాత అలవాటుకు కొనసాగింపు.

భారమంతా స్త్రీ మీదే పడుతోందన్న ఆక్షేపణ స్త్రీవాద ఉద్యమాల నుంచి వచ్చింది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. కండోమ్ వాడనని మొండికేసిన పురుషుడి నిర్లక్ష్యానికి వికారాన్నీ తలనొప్పినీ నెలసరి తేడానూ భరించేది ఆమె. పురుషుల బాధ్యతను గుర్తు చేయడానికి ఏ గట్టి ప్రయత్నం జరిగినా నేను సమర్థిస్తాను. ఆ మార్పు వచ్చేదాకా ఆమె చేతిలో ఉన్న రక్షణను తీసివేయాలనే వాదాన్ని మాత్రం అంగీకరించలేను.

చివరగా, నిర్లక్ష్యం అన్న మాటే వర్తించని సందర్భం. లైంగిక హింసకు గురైన స్త్రీకి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స అందించాలని 2013లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరిన 357-సి సెక్షన్ శాసించింది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 397వ సెక్షన్. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ చికిత్సలో అత్యవసర గర్భనిరోధకాన్ని చేర్చాయి. పోలీసుల నుంచి కాగితం వచ్చేదాకా, ఎఫ్‌ఐఆర్ నమోదయ్యేదాకా వైద్యులు ఆగనక్కరలేదని అవి స్పష్టంగా చెప్పాయి. ఈ సభలో ఉన్న యువ వైద్యులను, నర్సులను, ఫార్మసిస్టులను నేను కోరేది ఇదే. మీరు పనిచేసే ఆసుపత్రి క్యాజువాలిటీ గదిలో, రాత్రి డ్యూటీ నర్సు చేతికందే చోట, ఆ మాత్ర ఉందో లేదో రేపు ఉదయం వెళ్లి చూడండి. లేకపోతే ఇండెంట్ పెట్టండి.